నాన్న ఒడ్డు, అమ్మ తెడ్డు

మా నాన్న స్టీలు ప్లాంటు సేఫ్టీ విభాగంలో చేసి రిటైరయ్యాడు. ప్లాంటు ఆయన్ని వదిలింది గానీ సేఫ్టీ మమ్మల్ని వదల్లేదు. మా ఇంట్లో ఫ్యాను తుడవాలంటే ఒకరు స్టూలెక్కాలి, ఒకరు స్టూలు పట్టుకోవాలి, ఆయన పక్కన నిలబడి ఇద్దరికీ జాగ్రత్తలు చెప్పాలి. పొయ్యి మీద నూనె మరుగుతుంటే చెప్పుల్లేకుండా వంటింట్లో అడుగు పెట్టకూడదు. బండి ఎప్పుడూ రోడ్డు వైపు ముఖం పెట్టే ఆపాలి. ప్రమాదమొస్తే తిప్పుకునే టైముండదట! గోపాలపట్నంలో మా సందులోకి ఆవులు తప్ప ఏ ప్రమాదమూ రావడం నేనైతే చూడలేదు.

వీటికి నవ్వి ఊరుకోవచ్చు. నీళ్ళ సంగతికొచ్చేసరికి మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. సముద్రమున్న ఊళ్ళో పుట్టి పెరిగి మోకాలి లోతు దాకా ఎప్పుడూ దిగలేదు నేను. అమ్మా దిగలేదు. బీచికి వెళితే చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసక అంచున నిలబడేది. నాన్న వెనక్కి రమ్మనగానే మారు మాట్లాడకుండా వచ్చేసేది.

అమ్మది గోదావరి వైపు. ఇంటి ముందే కాలువ. బడికి పడవలో వెళ్ళి, వచ్చేటప్పుడు పుస్తకాలు పడవలో పెట్టి తను ఈదుకుంటూ వచ్చేదని మా మేనమామ చెబుతాడు. మామయ్యకి ఇక్కడి పోర్టులో ఉద్యోగం రావడంతోనే ఈ సంబంధం కుదిరింది. పెళ్ళైన కొత్తలో నాన్న ఏమిటి అనడానికి తన యాసలో "ఏటి?" అన్నప్పుడల్లా, ఈయన ఏ ఏటి గురించి అడుగుతున్నాడో అని అమ్మ తెల్లముఖం వేసేదట.

ఏనాడూ ఏదీ అడగని మనిషి ఈ వేసవిలో నోరు తెరిచి ఒకటి అడిగింది. వానలు పడ్డాక మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకోవాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. ఆ తర్వాత కింద కూర్చోకూడదు, కాళ్ళు ముడుచుకోకూడదు. అంటే చిన్న పడవలో కూర్చోవడం ఇక కుదరదు. ఈలోగా ఒక్కసారి తెడ్డు పడతానంది.

నేను మధురవాడ ఆఫీసులో శనివారం డ్యూటీ మార్చుకుని, ఇద్దర్నీ కారెక్కించి, కొండల మధ్య బోట్లు తిప్పే ఒక రిజర్వాయరుకి తీసుకెళ్ళాను. నాన్న ఒక తాడు, రెండు టార్చి లైట్లు తెచ్చుకున్నాడు. ఎండ నెత్తి మాడ్చేస్తుంటే టార్చి లైట్లెందుకో దేవుడికే తెలియాలి.

అక్కడికెళ్ళీ వెళ్ళగానే ఇంజిన్ బోటుకి టికెట్లు కొనేశాడు. పదిమందితో వెళ్ళొచ్చెయ్యొచ్చు, గొడవుండదన్నాడు. అది బస్సెక్కినట్టే ఉంటుందని అమ్మ వెళ్ళి ఇద్దరు కూర్చుని తెడ్డు వేసే కాయక్ పక్కన నిలబడింది. అప్పుడు మొదలైంది ఆయన తనిఖీ. లోతెంత, గాలెటు, బోల్తా పడితే ఎవరొస్తారు? బోట్లు చూసే పెద్దాయన ఓపిగ్గా అన్నిటికీ చెప్పాడు. నాన్న లైఫ్ జాకెట్ల బెల్టులన్నీ లాగి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా, వద్దు, ఇంటికి పోదాం అన్నాడు.

నాకు తిక్కరేగింది. అంతమందిలోనూ అరిచేశాను. మరింకెప్పుడు ఎక్కుతుంది, కట్లు కట్టించుకున్నాకా అన్నాను. నువ్వు రాకపోతే మానెయ్, నేను ఎక్కిస్తానన్నాను. నీకు మాత్రం ఈత వచ్చా అన్నాడు. రాలేదంటే ఎవరి పుణ్యం?

నాన్న నా మాట పట్టించుకోలేదు. నీళ్ళకేసి చూస్తూ అమ్మతో అన్నాడు:

"నీకేటైనా అయితే నాను దూకలేను. నాకు ఈత రాదు."

నేను నోరు వెళ్ళబెట్టాను. పెళ్ళిచూపుల్లో మా మేనమామ అబ్బాయికి ఈతొచ్చా అని సరదాకి అడిగితే, భేషుగ్గా వచ్చని చెప్పిన మనిషి ఈయన. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు.

"తెలుసండి," అంది అమ్మ. "మొదటి పండక్కి మా ఊరొచ్చి కాలవ రేవులో మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్నారు. ఈతొచ్చినోళ్ళు అలా పోసుకుంటారాండీ?"

బోట్ల పెద్దాయన అటు తిరిగి నవ్వుకున్నాడు. అమ్మ లైఫ్ జాకెట్టు తొడుక్కుంటూ ఇంకో మాట అంది.

"అయినా మీరెందుకు దూకడం? నాకొచ్చు కదండీ."

నాన్న తనూ ఒక జాకెట్టు అందుకున్నాడు. ఇన్నేళ్ళ సేఫ్టీలో ఈ సంగతి ఆయనకి తట్టినట్టే లేదు.

తెలిసీ బీచిలో అలా ఎందుకు నిలబడ్డావని అమ్మ చెవిలో గొణిగాను. తను దిగుతానంటే ఆయన ఈత రాదని అందరి ముందూ చెప్పుకోవాల్సొచ్చేది కదా, పోనీలే అనుకున్నానంది. పోనీలే ఏమిటి పోనీలే! నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఇద్దరూ ఎక్కారు. ముందు నాన్న, వెనక అమ్మ. మొదట పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. నాన్న రెండు అంచులూ పట్టుకుని బిగుసుకుపోయాడు. తర్వాత అమ్మ చేతులకి పాత లెక్క గుర్తొచ్చినట్టుంది, పడవ తిన్నగా సాగింది. ఎదుటి కొండ నీడ దాకా వెళ్ళి, కాసేపు అక్కడే ఆగి, మెల్లగా తిరిగొచ్చారు. వచ్చేటప్పుడు నాన్న ఒక చెయ్యి వదిలి అమ్మకి ఏదో పిట్టని చూపించడం ఒడ్డు మీది నుంచి చూశాను.

ఒడ్డు చేరాక అమ్మ దిగలేదు. ఇక్కడ కాసేపు ఈదొచ్చా అని పెద్దాయన్ని అడిగింది. జాకెట్టు తియ్యకుండా, లోతు తక్కువున్నచోట అయితే సరేనన్నాడు. నేను నాన్న ముఖం చూశాను. ఆయన ప్యాంటు పైకి మడుచుకుని నీళ్ళలోకి దిగి, అమ్మ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, చెయ్యి పట్టుకుని ఆమెని దింపాడు.

అమ్మ ఈదింది. జాకెట్టు గడ్డానికి అడ్డం పడుతోందని విసుక్కుంటూనే ఈదింది. నేలమీద రెండడుగులకోసారి ఆగే మోకాళ్ళు నీళ్ళలో ఒక్కసారీ ఆగలేదు. ఇంత వయసొచ్చి మా అమ్మ ఈత చూడడం నాకదే మొదటిసారి.

ఎండ ముదిరింది. కారులో పులిహోర పాడైపోతుందని, ఇక చాలు రమ్మని నేను అమ్మని కేకేశాను. మోకాలి లోతులో నిలబడ్డ నాన్న అమ్మ మీంచి చూపు తిప్పలేదు.

"ఉండనీవే," అన్నాడు. "ముప్పయ్యేళ్ళు నానే ఆపీసేను."