ప్రార్థన వేళ పారిన నీళ్లు

ఆ రోజుల్లో నాకు వెలుగు తప్ప వేరే ధ్యాస లేదు. బైబిల్లో దేవదూత దిగి కోనేటి నీళ్లు కదిలించిన సంగతి సండేస్కూల్లో విన్ననాటి నుంచీ, ఎవరూ చెయ్యి పెట్టకుండా నీళ్లెలా కదులుతాయా అని ఒకటే ఆరాటం. పరిశోధనలో చేరాక ఆ ఆరాటానికి దారి దొరికింది. గాజు పలక మీద కంటికి ఆనని బంగారు రేణువులు పరిచి, పైన వెంట్రుకంత సన్నని కాలువలో నీళ్లు నింపి, లేజర్ వెలుగు వేస్తే, రేణువులు వేడెక్కి పక్కనున్న నీటిని పారిస్తాయి! (మొదటిసారి చూసినప్పుడు ల్యాబులోనే "హల్లెలూయా" అని అరిచాను. ఏదో అంటుకుందనుకుని మా సారు పరుగెత్తుకొచ్చారు.)

మెట్‌పల్లిలో పసుపు పండించే మా బాపుకు ఇదేమీ పట్టలేదు. "గీ చదువు సాలు బిడ్డా. బడిల టీచరు నౌకరి వచ్చింది, చేరిపో" అన్నాడు. "ఒక్కసారి సూడు బాపూ. నచ్చకుంటే చేరిపోత" అని మాటిచ్చి, సారును బతిమాలి మైక్రోస్కోపు, లేజరు, ఉన్న ఒక్క పలకా ఇంటికి తెచ్చాను. మా ఇంట్లో కొత్త పని ఏదైనా ప్రార్థనతోనే మొదలు కావాలి కాబట్టి అవ్వ (అమ్మను మేం అలాగే పిలుస్తాం) పాస్టరయ్యను పిలిచింది.

మైక్రోస్కోపును టీవీకి కలిపాను. నీళ్లలో కలిపిన నలకలు తెర మీద ఆవగింజల్లా కనబడ్డాయి.

"మోటరు లేకుంట నీళ్లెట్ల పారుతయే?" అన్నాడు బాపు.

"వెలుగే పారిస్తది బాపూ."

"అయితే కరెంటు కోసం మేం పరేషానయ్యేది ఉత్తదేనా!"

ఆత్రంలో లేజరు మీట నొక్కేశాను. సరిగ్గా అప్పుడే పాస్టరయ్య "ప్రార్థించుదము" అన్నాడు. మా సంఘంలో ఆ మాట వినబడ్డాక ఆమెన్ దాకా కళ్లు తెరవడమన్నది లేదు. ఆయన ఆదాము దగ్గర మొదలుపెట్టి, మోషే సముద్రాన్ని చీల్చే దాకా వచ్చాడు. కాలువలో ఉన్నది ఒక్క బొట్టు. వేడికి ఆరిపోతుందని నాకు తెలుసు. "ప్రభువా, అయ్యగారిని త్వరపెట్టు" అని లోలోపల నా ప్రార్థన నేను చేసుకుంటున్నాను. ఆయనేమో సముద్రం దగ్గర తడబడి, ఆగి, మళ్లీ మోషే దగ్గరికే వెళ్లాడు.

ఆమెన్ అన్నాక చూస్తే, టీవీలో ఎండిన మరక; నలకలు అంటుకుని కాలువ పూడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. "ఆరిపోయింది బాపూ. ఇంకో పలక లేదు. నౌకర్ల చేరిపోత."

బాపు గొంతు తగ్గించాడు. "ఎందుకే? మస్తు పారినయి గద. గా నలకలు గిర్రున తిరిగినయి!"

"ప్రార్థనల కండ్లు తెరిచినవా?"

"నేనొక్కన్నేనా? మీ అవ్వ సుత సూసింది. అయ్యగారు టీవీ సూసుకుంటనే గంతసేపు ఆమెన్ అనలే. ఫికర్ జెయ్యకు, పోయి చదువుకో."

పాస్టరయ్య బైబిలు సర్దుకుంటూ నా వైపు చూడలేదు.

ఇప్పుడు నా సొంత ల్యాబులో ఆ ప్రవాహాన్ని కావలసినన్నిసార్లు చూస్తాను. మా ఇంట్లో పారిన నీళ్లను మాత్రం నేను చూడనే లేదు. అంతమంది భక్తుల మధ్య నిజంగా కళ్లు మూసుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. అంత గట్టిగా ఇప్పుడు మూసుకోగలనా అని కొంచెం అసూయ కూడా.