బందు రోజు ఇటలీ సైకిలు

కలకత్తాలో ప్రశాంతంగా సైకిలు తొక్కాలంటే ఆ రోజుల్లో ఒకటే దారి, బందు కోసం ఎదురుచూడటం. అదృష్టం కొద్దీ ఎక్కువ కాలం చూడాల్సి వచ్చేది కాదు. ప్రభుత్వం ఎర్రజెండావాళ్ళదే, కార్మిక సంఘాలూ వాళ్ళవే, బందూ వాళ్ళదే. ఎవరి మీద చేస్తున్నారో మాత్రం మా వాట్‌గంజ్‌లో ఎవరికీ కచ్చితంగా తెలిసేది కాదు. ఢిల్లీ మీద అనేవారు. ఢిల్లీకి తెలిసేదో లేదో గానీ మా వీధికి మాత్రం మాంసం కూర వాసనతో సహా తెలిసేది. పెద్దవాళ్ళు చీట్లాడేవారు, కుర్రాళ్ళు ట్రాము పట్టాల మీద వికెట్లు పాతేవారు.

మా నాన్న ఓడరేవు డాకులో క్రేను దగ్గర పని చేసేవారు. శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం మాది. ఆదివారం చర్చి, బందు రోజు జెండా, రెండింటికీ ఒకటే ఇస్త్రీ చొక్కా. ప్రభువుని ప్రశ్నించరాదు, సంఘాన్ని ప్రశ్నించరాదు. మా అమ్మ మాత్రం రెంటినీ ప్రశ్నించేది, అదీ వంటింట్లోంచి, అందరికీ వినబడేలా.

ఆ సైకిలు మాకొచ్చిన కథ వేరు. ఓ ఇటలీ ఓడ డాకులో చాలా కాలం నిలిచిపోయింది. అందులో వంటవాడికీ మా నాన్నకీ స్నేహం కుదిరింది. ఆయనకి తెలుగు రాదు, ఈయనకి ఇటలీ భాష రాదు, అందుకే ఒక్కసారి కూడా మాట తేడా రాలేదు. ఓడ వదిలి విమానంలో ఇంటికి పోయేటప్పుడు ఆ వంటవాడు తన రేసింగు సైకిలుని నాన్న చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుని, ఓ క్యాలెండరు కాగితం కూడా ఇచ్చాడు. దాని మీద కొండలు, ద్రాక్షతోటలు, మధ్యలో మెలికలు తిరిగిన రోడ్డు, రోడ్డు మీద సైకిలెక్కిన ఒకే ఒక్క మనిషి.

"ఈడి చేతిలో సంచీ లేదు, పాలక్యాను లేదు. ఎక్కడికెల్తన్నాడేటి?" అంది అమ్మ.

"ఎక్కడికీ ఎల్లడు. కొండెక్కుతాడు, దిగుతాడు, ఇంటికొచ్చెస్తాడు. అక్కడ అంతేనంట." చేతి సైగల్లో విన్నదాన్ని నాన్న వేదవాక్కులా చెప్పేవారు.

"పన్లేదేటి ఆడికి?"

"అక్కడ కూడా బందేమో," అన్నారు నాన్న, చాలా గౌరవంగా.

ఇక ఆ సైకిలుకి మా ఇంట్లో జరిగిన మర్యాద చెప్పాలి. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలుని నాన్న పైకి తిప్పించారు, వంగి తొక్కడం కార్మికుడికి అవమానమని. మడ్‌గార్డులు పెట్టించారు. వెనక క్యారియరు, కింద స్టాండు, ముందు బుట్ట, రెండు గంటలు. గేర్లున్నాయి, కానీ గేర్లు కొండలకి కదా, కలకత్తాలో కొండలేవీ? వాడితే అరిగిపోతాయని గేరు మీటని ఇనప తీగతో బిగించి కట్టేశారు. రెండు వేళ్ళతో ఎత్తగలిగే సైకిలు నెల తిరక్కుండా గేదెంత బరువైంది. ఇటలీవాడు చూస్తే మళ్ళీ ఏడ్చేవాడు, ఈసారి ప్రేమతో కాదు.

నేను దాని మీదే నేర్చుకున్నాను, బందు రోజుల్లోనే. మామూలు రోజుల్లో ఆడపిల్ల సైకిలెక్కితే వాట్‌గంజ్‌లో లారీవాళ్ళు దారివ్వరు, కుర్రాళ్ళు ఊరుకోరు. మొదటి బందుకి పడ్డాను. రెండో బందుకి మోకాలు పగలగొట్టుకున్నాను. అయిదో బందుకల్లా రెండు చేతులూ వదిలేసి తొక్కుతున్నాను. రాష్ట్రం పారిశ్రామికంగా వెనకబడిందని అందరూ అనేవారు గానీ, నా సంగతి చూస్తే చాలా ముందుకెళ్ళింది.

ఇంతలో హౌరా వైపున్న ఓ మిషన్ ఆసుపత్రి నుంచి నర్సు ట్రైనింగుకి ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. నాకు పందొమ్మిదేళ్ళు. ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్నాను. ఆ ఏడు సీటు రాకపోతే ఆసుపత్రివాళ్ళు మళ్ళీ పిలవరు. పెళ్ళి చేసి విశాఖపట్నం పంపేద్దామని అత్తయ్య అప్పటికే ఉత్తరాలు రాస్తోంది. నా బతుకంతా ఆ కాగితం మీదే ఉంది. సరిగ్గా ఆ తారీఖుకే బందు ప్రకటించారు.

ఆసుపత్రికి బందుండదు, ఇంటర్వ్యూ ఆగదు అని కబురొచ్చింది. నాన్న సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పుతూనే తేల్చేశారు.

"బందు రోజు ఇంటర్వ్యూ ఏటి? సంఘపోడి కూతురే బందు విరగ్గొడితే నా మొకమెక్కడెట్టుకోను?"

"మీ మొకం ఎక్కడైనా ఎట్టుకోండి. గుంట బతుకెక్కడెట్టుకోవాల?" అంది అమ్మ.

"ఎల్లకూడదంటే ఎల్లకూడదు!"

అంతటితో సభ ముగిసింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఏడుపు కంటే కోపమే ఎక్కువ.

పొద్దున్నే నాన్న జెండా పట్టుకుని వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, అమ్మ నా సర్టిఫికెట్లు గుడ్డసంచీలో పెట్టి సైకిలు బుట్టలో పడేసింది. "బేగెల్లి బేగొచ్చీ" అంది, కొట్టుకెళ్ళి ఉప్పు తెమ్మన్నట్టు.

ఆ ప్రయాణం ఇప్పటికీ మరిచిపోలేను. హేస్టింగ్స్ దాటి గంగ ఒడ్డు రోడ్డెక్కేసరికి ఒక్క బస్సు లేదు, లారీ లేదు, హారను లేదు. కలకత్తాకి ఇంత ఆకాశముందని ఎవరూ చెప్పలేదు నాకు. గొలుసు తిరిగే చప్పుడు వినిపించింది. నది గట్టుకి తగిలే చప్పుడు, కాకుల గోల, ఎక్కడో దూరంగా రేడియో. పందొమ్మిదేళ్ళు ఆ ఊళ్ళో బతికి ఆ నది చప్పుడు నేను మొదటిసారి విన్నాను. భయంగానే ఉంది, అయినా సిగ్గులేకుండా సంతోషంగా ఉంది. క్యాలెండరులో ఆ పనిలేని మనిషి ఎందుకు తొక్కుతున్నాడో అర్థమైంది.

సంతోషం హౌరా వంతెన మొదట్లో ఆగిపోయింది. అడ్డంగా బల్లలు, జెండాలు, ఇరవై ముప్ఫై మంది. డాకువాళ్ళని ఈసారి అక్కడ నిలబెట్టారని నాకు తెలీదు. చేతికి ఎర్రపట్టీ కట్టుకున్న కళ్ళజోడాయన నా హ్యాండిలు పట్టుకున్నాడు. పెద్ద నాయకుడని చొక్కా చూస్తేనే తెలుస్తోంది. సైకిళ్ళని ఆపరు గానీ, సంచీలో కాగితాలు పెట్టుకుని సైకిళ్ళెక్కినవాళ్ళని ఆపుతారు.

"ఎక్కడికి దిదీ? ఆ కాగితాలేమిటి?" బెంగాలీలో అడిగాడు.

నేను నోరు తెరిచాను. అప్పుడే ఆయన భుజం పక్కనుంచి మా నాన్న ముందుకొచ్చారు. అయిపోయిందనుకున్నాను. నాన్న నా కళ్ళలోకి చూడలేదు. బుట్టలో సంచీని చూశారు, నా ఇస్త్రీ బట్టలు చూశారు, నాయకుడివైపు తిరిగారు.

"నర్సు దిది, దాదా," అన్నారు బెంగాలీలోనే. "ఆసుపత్రి డ్యూటీ. నాకు తెలుసు. ఒదిలెయ్యండి." తరవాత నాతో, ఎవరో పరాయి ఆడమనిషితో అన్నట్టు గౌరవంగా, "మీరు వెళ్ళండి దిదీ," అన్నారు.

కన్నకూతుర్ని మీరు అన్నారు! చర్చిలో వాక్యం చదివే మనిషి అబద్ధమాడటం నేనదే మొదటిసారి చూడటం. బల్ల పక్కకి జరిగింది. నేను దణ్ణం పెట్టలేదు, వెనక్కి చూడలేదు, వంతెనెక్కేశాను.

మధ్యకొచ్చేసరికి ఊపిరందలేదు. అవతల స్టేషను పక్కన రైలుపట్టాల మీది వంతెన ఇంకా నిటారుగా ఉంది. నాకు తెలిసిన కొండలు ఆ రెండే. ఆ రెండోదాని సగం ఎత్తులో దిగి, ఆ ఇనప తీగని పళ్ళతో లాగి ఊడదీశాను. గేరు మారింది. నిజం చెబుతున్నాను, ఆ గేదె ఒక్కసారిగా లేడైంది. అవతలివైపు దిగేటప్పుడు గట్టిగా అరిచాను కూడా, వినేవాళ్ళెవరూ లేరు కదా.

ఆసుపత్రిలో ఇంటర్వ్యూ చెయ్యాల్సిన నలుగురిలో ముగ్గురు బందు వల్ల రాలేదు. ఆవరణలోనే ఉండే మేట్రన్ ఒక్కరే కూర్చున్నారు. పిలిచినవాళ్ళలో వచ్చింది నేనొక్కదాన్నే. ఉన్న సీటూ ఒకటే. ఆవిడ నా మార్కులు చూడనేలేదు. కిటికీలోంచి సైకిలు చూసి, "రోడ్డెలా ఉంది?" అనడిగారు.

"ప్రశాంతంగా ఉందండి," అన్నాను. సీటొచ్చింది.

ఆ తరవాత నాన్నని పట్టలేకపోయాం. బందుల వల్ల ఉద్యోగాలు పోతాయని ఎవరైనా నోరు జారితే చాలు, "మా గుంటకి ఉద్జోగం వొచ్చిందే బందు వల్ల!" అని రొమ్ము విరుచుకునేవారు. తన అబద్ధం గురించి మాత్రం ఆయనెప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. సిగ్గుపడుతున్నారేమోలే అనుకుని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆయన రిటైరయి చాలా ఏళ్ళయ్యాక, ఒక మధ్యాహ్నం నేను డ్యూటీ దిగొచ్చి, ఇంట్లోనే ఆయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తున్నాను. ఉన్నట్టుండి అన్నారు:

"ఆ రోజు నీ ఎనకాల ఇంకో గుంట వొచ్చింది."

"ఏ రోజు?"

"బందు రోజు. నువ్వు వొంతెన దిగుంటావు. రిక్షాలో వొచ్చింది. నీలాగే కాయితాల సంచి. మన తెలుగు గుంటే. బాబూ, నర్సు ఇంటర్వ్యూకెల్తన్నాను, ఒగ్గండి అని సెప్పింది. నిజమే సెప్పింది పాపం."

"మీరేం చేశారు?"

"కళ్ళజోడాయన నా మొకమే సూస్తన్నాడు. ఇంకో నర్సా, అన్నాడు నవ్వుతూ. రెండోదాన్ని కూడా ఒగ్గితే నీ సంగతి బయటపడిపోద్దనుకున్నాను. రిక్షా ఎనక్కి తిప్పించీసినాను."

"ఏడ్చిందా?"

"ఏడిస్తే బాగుండును. సరే బాబూ, అని దండం ఎట్టి ఎలిపోయింది."

ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. కానీ ఆ గుంటకి దక్కాల్సిందేమో, ఆసుపత్రి తెల్లచీర ఇంకా నా ఒంటి మీదే ఉంది. బీపీ లెక్క తప్పాను. "చెయ్యి కదపకండి నాన్నా," అని పట్టీ మళ్ళీ మొదటినుంచి చుట్టాను.