రోజీ చూడని ప్రయోగం

యర్రగొండపాలెం దగ్గర మా పల్లెలో రోజీ అక్క కూలికి పోతుంది. మిరప చేలో ఆమె పక్క సాలు పట్టానంటే నాకు ఆ పూట పాఠం తప్పదు. పదో తరగతిలో తాను చూడలేకపోయిన ప్రయోగం గురించి విని విని నాకే కంఠతా వచ్చింది.

కరుణాకరం సారు బోర్డు మీద సుద్దముక్కతో గ్లాసు గీసి, అందులో రెండు కడ్డీలు గీసి, కరెంటు పంపిస్తే నీళ్లు రెండు వాయువులుగా విడిపోతాయని చెప్పారట. ఉప్పులు లేని నీళ్లలో కరెంటు పారదనీ, ఇనప కడ్డీలు పెడితే కరిగి నీళ్లకు రంగొస్తుందనీ కూడా చెప్పారట. బడిలో ల్యాబు లేదు. "సోమవారం బ్యాటరీ తెస్తా, కళ్లారా చూద్దురు" అన్నారట. ఆదివారం ప్రార్థన కాగానే వాళ్ల నాయన రోజీని మిరప కోతలకని గుంటూరు లారీ ఎక్కించాడు. ప్రయోగం ఆమె లేకుండానే జరిగిపోయింది. నెల తర్వాత తిరిగొచ్చి, పాఠం బట్టీపట్టి పరీక్ష పాసైంది. మార్కాపురం కాలేజీకి పంపమని ఏడ్చి గీపెట్టినా వినక పెళ్లి చేశారు.

ఇరవై రెండేళ్లయింది. "ఆ బుడగలు ఎట్ల లేస్తాయో ఒక్కసారి చూడాలని ఉండాది" అంటుంది ఇప్పటికీ. ఫోన్లో వీడియో పెట్టి చూపిస్తే, "బొమ్మలో ఏంది చూసేది" అని మొహం తిప్పుకుంది.

మొన్న ఎండాకాలంలో ఫిల్టర్లు అమ్ముకునే వెంకటకృష్ణ మా పల్లెకు వచ్చాడు. చర్చి అరుగు మీద రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో మా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో తన ఫిల్టరు నీళ్లు పోశాడు. రెండింట్లోనూ కడ్డీలు దించి స్విచ్చి వేశాడు. రెండు నిమిషాల్లో మా నీళ్లు మట్టిరంగుకు తిరిగాయి. అతనివి తేటగానే ఉన్నాయి.

"చూసినారా, ఈ మురికంతా మీ కడుపుల్లోకే పోతాంది" అన్నాడు. చెంచమ్మవ్వ ముక్కు మీద వేలేసుకుంది.

రోజీ అక్క మా బోరు నీళ్ల గ్లాసు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఒక కడ్డీ పొడవునా సన్నటి బుడగలు లేస్తున్నాయి. ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాసేపటికి కొంగుతో తుడుచుకుని, "ఇది మా సారు చెప్పిన పాఠమే తమ్ముడూ. ఈ రంగు నీళ్లది కాదు, నీ ఇనపకడ్డీ కరిగి వచ్చినాది. నీ నీళ్లలో ఉప్పులు లేవు గాబట్టి కరెంటు పారలే" అంది. ఇంట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని గ్లాసులో వేసింది. అవీ మట్టిరంగుకు తిరిగాయి.

"మా నీళ్లు మంచివని అనట్లే. ఫ్లోరైడు మా యమ్మ మోకాళ్లు తినేసినాది. కానీ దానికి రంగుండదు."

జనం అతన్ని తిట్టుకుంటూ వెళ్లిపోయారు. వెంకటకృష్ణ తల దించుకుని వైర్లు చుట్టుకుంటూ, "నాకూ తెలుసక్కా. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నాలుగు దులుపుదామని ముందుకు పోయేలోపు రోజీ అక్క అతని పక్కన అరుగెక్కి కూర్చుంది.

"ల్యాబు ఉండెనా మీకు?"

"ఉండెనక్కా."

"రోజూ పోతాంటివా? నీ చేత్తో నువ్వే చేస్తాంటివా? ఏమేం చేయించినారు?"

అతను రెండు మూడు పేర్లు చెప్పి ఆగిపోయాడు. "ఏమోనక్కా, మర్చిపోయినా. సీనియర్ల రికార్డు చూసి రాసేస్తిమి."

రోజీ అక్క అతని చేతుల వైపు చూసింది.

"నాకు దొరికింటే ఒక్కటి గూడా మర్చిపోకపోదును తమ్ముడూ" అంది.