చెరుకు మొదలు

బోధన్‌లో చెరుకు బండ్లు నడిచే నెలల్లో గాలి కూడా తియ్యగా ఉండేది. పొద్దున మంచులో బండ్లు ముందుకు పోతున్నాయో, నేనే వెనక్కి పోతున్నానో తెలిసేది కాదు. రెంజల్ నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉండి చదువుకునే నా దోస్తు, నేను ఆ మంచులోనే బడికి నడిచేవాళ్లం. నాకు నోరెక్కువ. బండాయనను టైమెంతయిందని అడిగి మాటల్లో పెట్టేదాన్ని. తను వెనక నుంచి చెరుకు గడ లాగేది. విరిచి, తియ్యటి మొదలు నాకిచ్చి చప్పటి కొస తను నమిలేది. మాటల్లో పెట్టినవాళ్లకే మొదలు, అది మా కట్టుబాటు.

ఒకనాడు మా ఆటల సారు చూశారు. తిట్టలేదు. బాస్కెట్‌బాల్ కోర్టులో మా ఇద్దరితో అదే ఉపాయం ఆడించారు. ఎదుటి జట్టులో నన్ను కాసే పిల్లకు తను వచ్చి అడ్డంగా నిలబడాలి. నేను తన భుజం రాసుకుంటూ బంతితో పోవాలి. వెంటనే తను తిరిగి రింగు కిందికి ఉరకాలి. ఆ పైన తేల్చుకోవాల్సింది నేను.

"ఒక్కతే వస్తే నువ్వే ఎయ్యి. ఇద్దరు నీ మీదికొస్తే ఆమె ఖాలీగున్నట్టే, ఇచ్చెయ్," అన్నారు సారు.

నిజామాబాద్‌లో జిల్లా పోటీల చివరి ఆట. మా బడి నుంచి రాష్ట్ర జట్టుకు ఒక్కరినే తీసుకుంటారని ముందే చెప్పారు. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం, ఆఖరి బంతి నా చేతిలో ఉంది. తను అడ్డం నిలబడింది, నేను పక్కనుంచి దూరాను. మమ్మల్ని కాసేవాళ్లిద్దరూ నా మీదికే వచ్చారు. అంతా నీళ్లలో జరుగుతున్నట్టు మెల్లగా అయిపోయింది. వాళ్ల చేతుల సందులోంచి తను కనిపించింది, రింగు కింద ఒక్కతే, చెయ్యెత్తి. చూడలేదని తర్వాత చాలామందితో అన్నాను. చూశాను. ఇస్తే పేరు తనకొస్తుందని కూడా అనుకున్నాను. నేనే వేశాను.

బంతి రింగులో పడింది, గెలిచాం. అందరూ చప్పట్లు కొట్టారు, నా పేరు రాసుకున్నారు. సారు మాత్రం బంతులు ఏరి సంచిలో వేసుకున్నారు.

బోధన్‌లో బస్సు దిగి నడుస్తుంటే ఒక చెరుకు బండి వచ్చింది. టైమెంతయిందని అడగడానికి నాకు నోరు రాలేదు. బండాయన చూస్తుండగానే తను గడ లాగింది, ఆయన ఊరుకున్నాడు.

"ఖాలీగనే ఉంటి గదనే," అంది, కోపం లేకుండా.

మోకాలి మీద విరిచి, మొదలు నా చేతిలో పెట్టింది. ఆ రోజు అది నాది కాదు. సిగ్గుతో చచ్చిపోతూనే తిన్నాను. ఎప్పటిలాగే తియ్యగా ఉంది.