బాలమ్మ కుడికాలు

బాలమ్మకు మనుషుల వీపులంటే అసహ్యం. ఆదివారం పొద్దున ఆమెకు అన్నం ముద్ద గొంతు దిగదు. ఎందుకంటే ఆరోజు ఊళ్ళో నడుము పట్టేసినవాళ్ళంతా పొద్దు పొడిచే వేళకు ఆమె గడప ముందే ఉంటారు. బాలమ్మ తల్లి కడుపులోంచి కాళ్ళు ముందు పెట్టి పుట్టింది. అలా ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు నడుము మీద మూడుసార్లు తంతే పట్టు వదులుతుందని ఇటిక్యాల చుట్టుపక్కల ఊళ్ళలో నమ్మకం. ఆరేళ్ళ వయసులో మేనమామ నడుము మీద మొదటిసారి కుడికాలు పెట్టింది. ఇప్పుడామెకు యాభై రెండేళ్ళు. ఈ నలభై ఆరేళ్ళలో ఎన్ని వీపులు తన్నిందో ఆమెకే తెలియదు.

వచ్చినవాడు బోర్లా పడుకుని అంగీ పైకి లాక్కుంటాడు. తామర మచ్చలు, చీము పట్టిన సెగగడ్డలు, నిన్నటి చెమట, రాత్రి తాగిన సారా కంపు. నొప్పికని అంటించుకుని వారమైనా పీకని జిగురు పట్టీ ఆమె అరికాలికి అంటుకుని వస్తుంది. ఛీ, రాస్తుంటే నాకే ఒళ్ళు జలదరిస్తోంది, తన్నినామెకు ఎలా ఉండాలి? ఆమెకున్న సుఖం ఒక్కటే. తన్నేటప్పుడు వీపును చూడకూడదు, మొహం పొద్దువైపు తిప్పుకోవాలి. ఆ పద్ధతి పెట్టిన పెద్దలెవరో గాని, వాళ్ళకు బాలమ్మ మనసులో దండం పెట్టుకునేది. చూడకుండా మూడు తన్నులు తన్ని, నేరుగా బోరింగు దగ్గరికి పోయి మడమ ఎర్రబడేదాకా సబ్బుతో రుద్దుకునేది.

అందరికంటే దశరథం పటేలు వీపు ఆమెకు మరీ రోత. ఆయనకు విత్తనం కోసం వేసే సీడుపత్తి ఎనిమిదెకరాలుంది. బాలమ్మ పని ఆ చేలోనే. దాహమైతే ఆమె దోసిలి పట్టాలి, జీతగాడు పైనుంచి పోయాలి. ఆమె చేత్తో ఇచ్చిన నీళ్ళు పటేలు చచ్చినా తాగడు. కాలు మాత్రం కావాలి. ఆదివారం వచ్చి ఆమె గడప ముందు బోర్లా పడుకుంటాడు, తన్నించుకుంటాడు, ఇంటికి పోయి తలస్నానం చేస్తాడు. సిగ్గు లేని నడుము.

మరి మానెయ్యొచ్చు కదా అంటారు. మానలేదు. వారంలో ఆరు రోజులు ఆమెను "ఏమే" అని పిలిచే ఊరు, ఏడోరోజు "బాలమ్మా, తల్లీ" అంటుంది. ఊళ్ళో ఆమెకున్న గౌరవమంతా ఆ కుడికాలిదే.

పక్కింటి రాధమ్మ కూడా వస్తుంది. ఇద్దరూ పత్తిచేలో ఒకే సాలు పట్టి పనిచేసినవాళ్ళు. సాయంత్రం మొగ్గలు వొలవాలి, పొద్దున వాటికి మగపువ్వు రుద్దాలి. ఆ క్రాసింగు పనిలో మూడు నెలలు నడుము ఎత్తే వీలు లేదు. రెండేళ్ళ కింద రాధమ్మ నడుము నొప్పని నడుచుకుంటూ వచ్చి పడుకుంది. మూడో తన్నుకు "అమ్మా" అని ఒక్క కేక పెట్టింది. అప్పటినుంచి ఎడమకాలు ఈడుస్తూ నడుస్తుంది. ఆమె నసీబు అంతే అన్నారు అందరూ. బాలమ్మ కూడా అదే అనుకుంది. ఆ కాలు బాగవుతుందని రాధమ్మ ప్రతి ఆదివారం వచ్చి పడుకుంటూనే ఉంది. ఆమె కాలు ఈడ్చే చప్పుడు వినబడితే బాలమ్మకు విసుగొచ్చేది. ఎందుకొచ్చేదో ఆలోచించడానికి మాత్రం ఇష్టపడేది కాదు.

మొన్నటి వానాకాలం బాలమ్మ నడుమే పడిపోయింది. తుంటి నుంచి మడమ దాకా నిప్పు పెట్టినట్టు మంట. తన నడుము తాను తన్నుకోలేదు కదా. పొరుగూళ్ళో గోవిందు అని ఇంకొక ఎదురుకాళ్ళవాడున్నాడు, అతని దగ్గరికి పొమ్మన్నారు. పోయింది.

కింద పడుకున్న మనిషికి ఏం కనిపిస్తుందో ఆమెకు మొదటిసారి అప్పుడు తెలిసింది. కోళ్ళ రెట్ట, ఎవరో ఊసిన ఉమ్మి, ముక్కు పక్కనే గోవిందు పేడకాలు. వాడు కడుక్కోలేదు కూడా. పొద్దువైపు తిరిగి, బీడీ పక్కకు ఊసి, మూడు తన్నులు తన్నాడు. మూడోదానికి ఆమె నోట్లోంచి "అమ్మా" అని కేక వచ్చింది. ఆ కేక తనకు ఎక్కడో విన్నట్టే అనిపించింది. కాలు తిమ్మిరెక్కి రెండు రోజులు కింద ఆనలేదు.

వనపర్తిలో హాస్టలు వంటమనిషిగా చేస్తున్న కూతురు స్వరూప సంగతి తెలిసి ఉరికొచ్చింది.

"జనం నడుములు తన్ని తన్ని నీ బుర్ర పాడైందే అమ్మా. వాడు తంతే పోయి పండుకుంటవా? నడువ్ దవాఖానకు."

వనపర్తిలో డాక్టరు నిరంజన్ మొదట నడుము లోపలిది పెద్ద ఫోటో తీయించాడు. డిస్కు జారి నరాన్ని ఒత్తుతోందని, నరం దగ్గరికి సూదితో మందు పంపిస్తానని చెప్పాడు. మళ్ళీ బోర్లా పడుకోమన్నారు. బాలమ్మ పళ్ళు బిగపట్టింది. ఇక్కడ నేలకు బదులు మంచం, దాని మీద తెల్లగుడ్డ ఉంది, అంతే తేడా అనుకుంది. నర్సు నడుము కింద మందుతో తుడిచి, చల్లటి జిగురు పూసింది.

"గిది కడుపుతోని ఉన్నోళ్ళకు చేసే మిషన్ గదా సారూ?" అంది బాలమ్మ అనుమానంగా.

"అదే మిషన్. అక్కడ బిడ్డను చూస్తరు, ఇక్కడ సూది దారి చూస్తం. చూడకుండ గుచ్చితే ఏడ తగుల్తదో తెల్వదు గదమ్మా. తల గిట్ల తిప్పి నువ్వు గూడ చూడు."

తెర మీద నలుపూ తెలుపూ నీడలు. అందులో సన్నని గీత మెల్లగా ముందుకు పోతోంది, అదే సూది. డాక్టరు కళ్ళు తెర మీదినుంచి కదల్లేదు. మధ్యలో ఆగాడు, చేయి వెంట్రుకవాసి పక్కకు జరిపాడు, మళ్ళీ ముందుకు పోయాడు. లోపల బరువుగా నొక్కినట్టయింది, తర్వాత వెచ్చగా కాలిలోకి దిగింది.

అయ్యాక ఆయన చేతులు కడుక్కుంటూ అడిగాడు. "నడుము మీద నల్లగ కమిలింది. ఏంది అది?"

స్వరూప చెప్పింది. డాక్టరు మొహం చేదు తిన్నట్టయింది.

"జారిన డిస్కు మీద తన్నుడేంది? నరం నలిగితే కాలు పడిపోతది. జన్మంత ఈడ్చుకుంట తిరగాలె. నీ అదృష్టం బాగుంది. ఈ మందు నొప్పి తగ్గిస్తది, డిస్కును లోపలికి పంపదు. వంగే పని మానాలె, చెప్పిన కసరత్తు చేయాలె."

బాలమ్మకు కసరత్తు మాట వినబడలేదు. ఈడ్చుకుంట అన్న మాట దగ్గరే ఆగిపోయింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తన కుడికాలును చూసుకుంది. ఇన్నాళ్ళూ ఊరి వీపులు రోత అనుకుంది. రోత అవి కావు, ఈ కాలు. కిందికి చూడకుండా తన్నిన కాలు.

పది రోజులకు నొప్పి చాలామటుకు తగ్గింది. ఆదివారం పొద్దు పొడిచే వేళకు తలుపు తీసేసరికి రాధమ్మ బోర్లా పడుకుని ఉంది. వెనక దశరథం పటేలు తన వంతుకోసం నిలబడ్డాడు.

బాలమ్మ మొహం పొద్దువైపు తిప్పలేదు. మొదటిసారి కిందికి చూసింది. రాధమ్మ వెన్ను ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎడమకాలి పిక్క కండ కరిగి కట్టెముక్కలా ఉంది. అరికాలు వేలాడుతోంది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఈ కాలు ఇక్కడే, తన కళ్ళ ముందే ఉంది.

"తన్నవేందే? పొద్దెక్కుతుంది" అన్నాడు పటేలు.

"తన్న పటేలా. ఎవరినీ తన్న ఇగ."

"ఎందుకు?"

ఇప్పుడు నోరు మూసుకుంటే ఊరు తల్లీ అంటూనే ఉంటుంది. అయినా చెప్పింది. "ఈయమ్మ కాలు నసీబు వల్ల పోలే. నేను తన్నితే పోయింది."

పటేలు పక్కకు ఉమ్మేశాడు. "సూది ఏయించుకొని బలిసినవే. రేపటికెల్లి చేన్లకు రాకు" అని వెళ్ళిపోయాడు.

రాధమ్మ ఇంకా లేవలేదు. మొహం మట్టిలోనే ఉంది. బాలమ్మ నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుని, పైకి జరిగిన ఆమె రవికెను కిందికి సర్దింది.

"లే అక్కా. ఇంత ఆలస్యంల బాగైతదో లేదో నాకు తెల్వదు. వనపర్తి డాక్టరుకు చూపిస్త. ఎనిమిది గంటల బస్సుకు పోదం."

రాధమ్మ తల తిప్పింది. చెంపకు మట్టి అంటుకుని ఉంది. ఆమె కళ్ళలో కోపం లేదు, భయం ఉంది. అదే బాలమ్మకు భరించరానిదయింది.

"ఆడ గూడ తంతరా బాలమ్మా?"

"లేదక్కా" అంది బాలమ్మ. "ఆడ చూస్తరు."