ప్లాటిల్లా అంచు మీద గాటు

ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. జుట్టు కత్తిరించడం వృత్తి, ఎదుటివాళ్ళ మాట కత్తిరించడం అలవాటు. పార్లర్‌లో అద్దం కింది సొరుగులో, పిన్నుల డబ్బా పక్కనే, పాత రోమన్ వెండి నాణేలు దాచుకుంటుంది. చక్రవర్తుల బొమ్మలున్నవి ఆమెకు అక్కర్లేదు. వాళ్ళ భార్యలు, తల్లులు ఉన్నవే కావాలి. "జుట్టు ముడి చూపించు, ఏ రాణో చెప్పేస్తా" అంటుంది.

నాణేల సంఘం ప్రదర్శనలో చక్రవర్తులకు గోడ పొడవునా అద్దాల పెట్టెలు. రాణులకు మూలన ఒక్కటి. ఏటా అది కత్తెరమ్మదే. నిన్న గాక మొన్న ఈ పిచ్చి పట్టిన తోడికోడలు, బడి బస్సు నడిపే మనిషి, ఈసారి ప్లాటిల్లా రాణి నాణెం సంపాదించింది. కత్తెరమ్మ ఏళ్ళ తరబడి వెతుకుతున్నది అదే. ఒకవైపు అలలు తీర్చిన జుట్టుతో పసిమొహం. రెండోవైపు మొగుడి చెయ్యి పట్టుకుని నిలబడ్డ అదే పిల్ల. తర్వాత ఆ మొగుడే ఆమెను దీవికి తరిమేసి చంపించాడు.

సంఘం కార్యదర్శి నాణెం చూసి, "ఈసారి పెట్టె చిన్నకోడలికిద్దాం" అన్నాడు.

కత్తెరమ్మ చెయ్యి చాచింది. "ఏదీ, ఇలా తే" అని అంచులు పట్టుకుని తిప్పి చూసింది. అసలు సిసలుది.

"లోపల రాగి, పైన వెండి పూత. నిన్ను నిలువునా ముంచారే పిల్లా!"

"నిజమా అక్కా?"

"అబద్ధమాడితే నాకేం ఒరుగుతుంది?"

ఆడదానికి ఆడదే శత్రువని మగవాళ్ళు తీరిగ్గా నవ్వుకుంటారు. ఇద్దరి మధ్యా ఒక్క పెట్టె పడేసిందెవరని మాత్రం ఎవరూ అడగరు. అలాగని కత్తెరమ్మ ఆడిన అబద్ధం ఒప్పు అయిపోదు.

మర్నాడు తోడికోడలు బస్సు పార్లర్ ముందు ఆపి పరుగున వచ్చింది.

"అక్కా! ఆకురాయితో అంచు గీకి చూశా. లోపలా వెండే! పొరబడ్డావు నువ్వు!"

అంచున లోతైన గాటు తెల్లగా మెరుస్తోంది. అలా గీకిన నాణేన్ని సంఘం పెట్టెలో పెట్టనివ్వదు. పాపం, ఆమెకు ఆ సంగతి తెలియదు.

"గీకమని ఎవరన్నారే నిన్ను?"

"నువ్వు పూత అన్నాక లోపలి రాగి చూడకుండా ఊరుకుంటానా? నీ మాటంటే నాకు రాసిచ్చినట్టే కదా."

కుర్చీలో కూర్చున్న ఆవిడ తల నిండా నురగతో చెవులు రిక్కించింది. కత్తెరమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"పూత కాదని నాకు నిన్ననే తెలుసు."

తోడికోడలి మొహంలో నవ్వు ఆరిపోయింది. "తెలిసే అన్నావా?"

"ఓర్వలేక అన్నా."

"పెట్టె కావాలంటే అడగొచ్చు కదా. ఇచ్చేదాన్ని."

"ఇస్తావనే ఇంకా మండింది."

ఆమె నాణేన్ని పిడికిట బిగించుకుని బస్సెక్కింది.

ఆ ఏడూ పెట్టె కత్తెరమ్మకే దక్కింది. రాణులను వరసగా పేర్చి పక్కన నిలబడింది. తోడికోడలూ వచ్చింది. పెట్టె వంక చూడలేదు. తలుపు దగ్గర నిలబడి, అరచేతిలోని ప్లాటిల్లాను అడిగినవాళ్ళందరికీ ఇస్తోంది. అద్దం లేదు, తాళం లేదు. "ఇంత పాతకాలపు వెండిని ముట్టుకోవచ్చా!" అంటూ జనం అటే మూగారు.

కత్తెరమ్మ తన పెట్టె వదిలేసి ఆ గుంపు వెనక నిలబడింది. మెడ సాచింది. గాటుతో సహా అది తనదైతే బాగుండుననిపించింది. "నాకూ ఒకసారి ఇవ్వవే" అనడానికి మాత్రం నోరు రాలేదు.