రెండుంపావు మీటర్లు

బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసులో ఉన్నది కొద్దిమందిమే. గవర్నర్‌పేట బట్టల కొట్లకి సాఫ్ట్‌వేర్ చేసిపెడతాం. బిల్లింగ్ రాసినాయనకి జావా వచ్చు కాబట్టి అది జావాలో ఉంది. స్టాకు ప్రోగ్రాము రాసినమ్మాయికి పైథాన్ ఇష్టం కాబట్టి అది పైథాన్‌లో ఉంది. ఇద్దరూ హైదరాబాద్ వెళ్లిపోయారు. రెండూ నా నెత్తిన పడ్డాయి. అన్నీ ఒకే భాషలో తిరగరాద్దామని అడిగీ అడిగీ విసిగిపోయాను. "నడుస్తున్నదాన్ని ఎందుకండీ కెలకడం," అంటారు మా సారు.

మొన్న వేసవిలో చేనేత బట్టలమ్మే ఒక కొట్టు యజమాని ఫోన్ చేశారు. కంప్యూటర్ చూపించేదానికన్నా తానుల్లో బట్ట తక్కువ ఉంటోందట. "కౌంటర్లో కొలిచే పెద్దాయన తెలిసినవాళ్లకి కొసరు ఎక్కువ వేస్తున్నాడండీ. ఈ నెలతో పని మానిపించేస్తా. మీ లెక్క కరెక్టేనని ఓ మాట చెప్పండి, చాలు."

కొసరంటే కత్తెర వేసేముందు కొలత దాటి వదిలే నాలుగు వేళ్ల బట్ట. దానికోసం ఆ కొట్టులో ప్రతి తానులోనూ ముందే కొంత తీసేసి లెక్క రాస్తారు. కొసరు వల్ల లెక్క అంత తేడా రాకూడదు. అందుకే ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

భోజనం మానేసి రెండు ప్రోగ్రాములూ పక్కపక్కన పెట్టుకు కూర్చున్నాను. రెండూ దశాంశం తర్వాత ఒక్క అంకే ఉంచుకుంటాయి. రెండుంపావు మీటర్లు కోస్తే బిల్లింగ్‌లో 2.3 అవుతోంది, స్టాకులో 2.2 అవుతోంది. సరిగ్గా సగం దగ్గర ఎటు సర్దాలో ఒక్కో భాషది ఒక్కో అలవాటు. పావు ముక్క కోసినప్పుడల్లా తానులో లేని బట్టని స్టాకు ఉన్నట్టు చూపిస్తోంది. రాసినవాళ్లిద్దరూ తెలివైనవాళ్లే. ఒకరు రాసింది ఒకరు చూడలేదు.

సరిచేసి, కొట్టుకి వెళ్లి, పెద్దాయన ఎదుటే చెప్పాను. "పోన్లెండి, తేలిపోయింది," అన్నారు యజమాని. పెద్దాయన బట్ట మడతపెడుతూనే ఉన్నారు. ఉద్యోగం నిలిచింది కదా అని నాకు చాలా సంతోషమేసింది.

మా సారు మాత్రం ఇంకో కుర్రాణ్ణి తీసుకున్నారు. అతనికి వచ్చిన భాష వేరేనట. వాదించే ఓపిక లేక ఊరుకున్నాను.

ఆ తర్వాత చొక్కా బట్టకని అదే కొట్టుకి వెళ్లాను. పెద్దాయన గుడ్డని బిగించి లాగి, మీటరు కడ్డీ చివరికి సరిగ్గా కత్తెర వేశారు.

"కొసరు లేదా బాబాయిగారూ?" అన్నాను నవ్వుతూ.

"ఎందుకులే బాబూ. మళ్లీ ఎవరో ఒకరు లెక్క చూస్తారు."

ఆయన నవ్వలేదు. ముక్క మడిచి నా చేతికిచ్చి, పక్కనున్నావిడ వైపు తిరిగారు.